తప్పుల్లేని ఇంజనీరు

ఇంజనీరుగా నాకు ఇరవై రెండేళ్ల అనుభవం. మెల్‌బోర్న్ వచ్చాక మాత్రం, నేను తయారుచేసిన వాననీటి కాలువల డ్రాయింగుల మీద నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మా బాస్ సంతకం పెట్టేవాడు. ఇక్కడ ఇంజనీరుగా రిజిస్ట్రేషన్ లేనిదే నా సంతకం చెల్లదు. అది తెచ్చుకుంటేనే పై ఉద్యోగం, లేకపోతే ఎప్పటికీ ఈ కుర్చీయేనని ఆఫీసులో మర్యాదగా చెప్పేశారు.

కాగితాలన్నీ గట్టెక్కాయి. చివర్లో వీడియో ఇంటర్వ్యూ. మీ పనిలో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి అని ఒకావిడ నవ్వుతూ అడిగింది. నేనేమైనా తక్కువదాన్నా? గుంటూరులో ఎన్ని ఇంటర్వ్యూలు చూశాను! తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం గోవిందా అని మాకు కాలేజీలోనే నూరిపోశారు. తప్పులేం లేవండీ అని దర్జాగా చెప్పాను. వారానికి మెయిలొచ్చింది. తప్పుల నుంచి నేర్చుకున్నట్టు ఆధారాలు చాలలేదు, మళ్లీ రమ్మన్నారు.

మా ఆయనకి పండగే అయింది. "నీ తప్పులా? నన్నడిగితే చెప్పనూ!" అంటూ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. క్రెయిగీబర్న్‌లో ఇల్లు కొన్న వారానికే కారుతో గరాజ్ తలుపు గుద్దడం దగ్గర మొదలుపెట్టి, వాళ్లమ్మతో ఫోన్లో నేనన్న మాటల దాకా వచ్చాడు.

"అవి ఇంజనీరింగ్ తప్పులు కాదు."

"గరాజ్ తలుపు స్ట్రక్చరల్ ఇష్యూ కదా!"

కాగితం లాక్కుని చింపేశాను.

కేరమ్ డౌన్స్ గుళ్లో ఒక అంకుల్ని అడిగాను. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ ఇంజనీరు. "చిన్నది చూసి చెప్పమ్మా. నీది కాకపోతే ఇంకా సేఫ్" అన్నారు పులిహోర తింటూ.

అలాంటిది నా దగ్గర ఒకటుంది. గుంటూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సారు డ్రాయింగులో కాలువ వాలు తిరగబడింది. నేను గమనించాను. సారు సంతకం పెట్టేశాక మనమెవరం అని ఊరుకున్నాను. మొదటి వానకే నీళ్లు పక్కనున్న బళ్లోకి వెళ్లాయి. పిల్లలు తడిసిన పుస్తకాలను ప్రహరీ గోడ మీద ఆరేసుకున్నారు. ఇన్నేళ్లూ ఆ కథని మా సారు ఘనకార్యంగా చెప్పి అందరినీ నవ్విస్తున్నాను.

రెండో ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అది ఆయన తప్పు. మరి మీది?"

"చూసి కూడా ఊరుకున్నాను" అన్నాను చివరికి. సిగ్గేసింది. ఆ పిల్లలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇంకేముంది, ఈసారీ పోయిందనుకున్నాను.

రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆ వారమే బాస్ తను వేసిన డ్రాయింగ్ ఒకటి తెచ్చి, అర్జెంటు, దీని మీద నీ సంతకం కూడా కావాలన్నాడు. చూస్తే పైపు సైజు చాలదు.

"నేను పెట్టను" అన్నాను.

అతను పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎక్కడో చూపించు" అన్నాడు.