అండాలు వేసిన వేలిముద్ర

రామన్నపేట దాటాక వచ్చే మా పల్లెలో అండాలు నోటికి జడవని మనిషి లేడు. నేనూ జడుస్తాను. అరవై ఆరేళ్లు ఆమెకు. ఊళ్లో ఉపాధి పని మొదలైనప్పటి నుంచి ఒక్క వేసవి కూడా తట్ట దించలేదు. అలాంటి అండాలును ఆ ఏడు ఏ గ్రూపూ చేర్చుకోలేదు. తవ్విన కొలతను బట్టే కూలి పడుతుంది కనుక, ముసలివాళ్లుంటే తమకు నష్టమని పడుచువాళ్ల భయం. ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంట్ నాగేందర్ ఇంకో అడుగు ముందుకేశాడు.

"అరవై దాటినోళ్లకు పని లేదు. ఇంట్ల కూసోని పింఛన్ తినుండ్రి."

చట్టంలో అలాంటి మాటే లేదు. అండాలుకు ఒళ్లు మండింది. "పని సంగతి పని చేసేటోళ్లను అడగవా?" అని అరిచింది. అతను వినిపించుకోలేదు.

ఆ వారమే గ్రామసభ. వచ్చే ఏటి పనులను అక్కడ ఒప్పుకోవాలి. మా ఊళ్లో పడుచువాళ్లు సభకు రారు, వచ్చేది ముసలివాళ్లే. రాగానే పుస్తకంలో వేలిముద్ర వేసి, చాయ్ తాగి పోతారు. అది హాజరనుకునేవారు పాపం. తీర్మానం మాత్రం పంచాయతీ వాళ్లు తరువాత తీరిగ్గా ఆ ముద్రల పైన రాసుకునేవారు. ఇన్నేళ్లూ తాము ఏం ఒప్పుకున్నారో వాళ్లకే తెలియదు!

ఆరోజు అండాలు పుస్తకంలోకి తొంగి చూసింది. పై సగమంతా ఖాళీ. చదువు రాకపోయినా ఖాళీ కాగితం ఖాళీగానే కనిపిస్తుంది కదా. చెయ్యి కొంగులో దాచుకుని కార్యదర్శి శైలజతో అంది, "ముందుగాల రాయి బిడ్డా, సదివి ఇనిపియ్యి. గప్పుడు వేస్త."

పక్కనున్న పెద్దులు తాత, బిక్షమ్మ కూడా చేతులు దాచుకున్నారు. చూస్తుండగానే సభకు వచ్చిన ఇరవై ముగ్గురూ అంతే. ఆ ముద్రలు లేకపోతే సభ జరిగినట్టే కాదు. నాగేందర్ బతిమాలాడు.

"గట్ల జేస్తే ఎట్లవ్వా, పొద్దు పోతాంది."

"పోనీ. మాకేం పనున్నది? నువ్వే లేదంటివి గద!"

సభంతా గొల్లున నవ్వింది. శైలజ కలం తీసింది. అండాలు చెబుతుంటే రాసింది. అరవై దాటినవాళ్లకు వేరే గ్రూపు. మొక్కలకు నీళ్లు పోయడం, కాలువ గట్లు చెక్కడం లాంటి పనులు, వాళ్ల శక్తికి తగిన కొలత. పనుల జాబితా రాసేనాడు వాళ్లలో ఒకరు తప్పక ఉండాలి. అండాలు రెండుసార్లు చదివించుకుని, అప్పుడు వేసింది ముద్ర, కాగితం చిరిగేంత గట్టిగా. నాకు భలే సంతోషమేసింది, దాచుకోవడమెందుకు.

ఆ నెలలోనే ఇరవై ముగ్గురూ పనిలోకి ఎక్కారు. మరుసటి ఏడు జాబితా రాసేరోజు నాగేందరే ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"అవ్వా, గీ కుంట కట్ట పని మీ గ్రూపుకు రాయాల్నా?"

"నడువు, జాగా చూసి చెప్త" అని అండాలు చెప్పులు తొడుక్కుంది.