వెనకసీటు మీద టిక్కీ

ఈ మధ్య మా స్కూల్లో పదో తరగతి పిల్లలకు వ్యక్తిత్వ వికాసం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. మనిషి జీవితాంతం నేర్చుకుంటూనే ఉండాలి, భయం వదిలెయ్యాలి అని ఏవేవో చెప్పాను. పిల్లలు మర్యాదగా ఆవలించారు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడం, చదువైపోయాక మీరు నేర్చుకున్నది ఏంటి?" అని అడిగింది. స్కూటీ అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నవ్వడం అయ్యాక కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. అదే ఇక్కడా చెబుతున్నాను.

నేను హైస్కూలు నుంచీ హాస్టల్లో పెరిగాను. అక్కడ పాఠాలు బట్టీ పట్టించారు, పొద్దున్నే లేపారు, మార్కులు తెప్పించారు. సైకిలు మాత్రం ఎవరూ ఎక్కించలేదు. బీఈడీ అయ్యాక మా ఊరికి కాస్త దూరంలో ఉన్న ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది. ఎలా వెళ్లాలన్నది ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఆటోలున్నాయిగా అనుకున్నాం.

ఆటోలు ఉన్నాయి. కానీ మిరపకోతలు మొదలయ్యాక మా వైపు ఆటో అంటే కూలీలది. తెల్లారకముందే నిండిపోతాయి. చీర కొంగులు, అన్నం క్యారియర్లు, నవ్వులు, వాటి మధ్య నాకు ఒక కాలు పెట్టే చోటు దొరికితే గొప్ప. నాన్న దింపుదామంటే కళ్లంలో కాయ ఆరబోసి ఉంది, వదిలి రాడు. నేను వెళ్లేసరికి ప్రార్థన అయిపోయేది. హెడ్మాస్టర్ గారు మంచివారే, కానీ ఒకరోజు పిలిచి, "చూడమ్మా, నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత కూడా ఇలాగే ఆలస్యమైతే వేరేవాళ్లని పెట్టుకుంటాం" అన్నారు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. జీతం కోసమని కాదు. ఆ క్లాసులో పిల్లలు నా మాట వినేవాళ్లు. ఇంట్లో నా మాట విన్నవాళ్లు అప్పటికింకా పుట్టలేదు.

నాన్న పాత స్కూటీ ఒకటి తెచ్చాడు. నేర్పేది కూడా తానే అన్నాడు. మా నాన్నకు బండి నేర్పిన గురువు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారి. కుర్రాడిగా ఉన్నప్పుడు మోపెడ్ మీద మిరపకాయల బస్తా, అంటే మా భాషలో టిక్కీ, వేసుకుని పోతూ పోతూ నేర్చుకున్నాడట. కాబట్టి ఆయన సిద్ధాంతం ఒకటే.

"వెనకాల బరువుంటేనే బండికి కుదురు. ఖాళీ బండి కోతిలాంటిది, ఎటు గెంతుద్దో తెలవదు."

అలా నా స్కూటీ వెనకసీటు మీదికి సగం టిక్కీ ఎక్కింది. రబ్బరు ట్యూబుతో బిగించి కట్టాడు. నా మీద ప్రేమతో మేలు కాయ వేశాడేమో అనుకున్నాను. విప్పి చూస్తే అన్నీ తాలుకాయలే, రంగు పోయి తెల్లబడ్డవి. "నువ్వు పడితే మంచి కాయ నలిగిపోదూ?" అన్నాడు.

పొలం పక్క మట్టిబాట మీద పాఠం మొదలైంది. నాన్న లుంగీ ఎగ్గట్టి వెనకే పరిగెత్తేవాడు, టిక్కీని పట్టుకుని. బండిని కాదు. కుదుపు వచ్చినప్పుడల్లా గోనె సందుల్లోంచి ఘాటు లేచేది. ముందు నేను తుమ్మేదాన్ని, వెనక ఆయన తుమ్మేవాడు. తుమ్మినప్పుడు కళ్లు మూసుకుపోతాయి కదా, తెరిచేసరికి బండి పత్తికట్టె మోపులో ఉండేది. ఒకసారి నేను కింద, బండి నా మీద, టిక్కీ మాత్రం నాన్న చేతుల్లో భద్రంగా ఉంది.

అమ్మ గట్టు మీద నిలబడి అరిచేది. "దాన్ని చదివించింది బస్తాలు మోయటానికా? ముందు పిల్లని లేపయ్యా!"

ఎలాగైతేనేం, బండి వచ్చింది. టిక్కీ వెనకాల ఉంటే బాణంలా పోతున్నాను. కానీ పరీక్ష చేద్దామని నాన్న ఒకరోజు టిక్కీ దించాడు. నాలుగు గజాలు పోయి పక్కింటి గడ్డివాములో తేలాను. మళ్లీ కట్టాడు, బ్రహ్మాండంగా నడిపాను. మళ్లీ దించాడు, మళ్లీ గడ్డివాము. గడువేమో దగ్గర పడుతోంది. ఇక చేసేదేమీ లేక టిక్కీతోనే ఉద్యోగానికి బయల్దేరాను.

దారిలో నన్నెవరూ టీచరనుకోలేదు. జడలో పూలు, భుజాన హ్యాండ్‌బ్యాగు, వెనక గోనెసంచి. "ఏమ్మా, యార్డుకేనా? రేటెట్టా ఉంది?" అని టీకొట్టు దగ్గర పెద్దమనుషులు కేకేసేవాళ్లు. మొదట్లో ముఖం తిప్పుకునేదాన్ని. తర్వాత విసుగొచ్చి నోటికొచ్చిన రేటు చెప్పేదాన్ని. ఒకాయన దాన్ని నమ్మి అమ్మకం వాయిదా వేసుకున్నాడని తెలిసి ఆ పనీ మానేశాను.

స్కూలు గోడ పక్కన బండి నిలబెడితే గాలి అటు తిరిగినప్పుడు ప్రార్థన మధ్యలో పిల్లలు వరసగా తుమ్మేవాళ్లు. హెడ్మాస్టర్ గారు పిలిపించారు.

"వ్యాపారం పెట్టుకుంటే పెట్టుకో, స్కూల్లో వద్దమ్మా."

"వ్యాపారం కాదండీ, బ్యాలెన్సు కోసం."

ఆయన ఫిజిక్స్ చెప్పిన మనిషి. బోర్డు మీద బండి బొమ్మ గీసి, బాణాలు పెట్టి, వెనక బరువు వల్ల బండి నడపడం ఇంకా కష్టమే తప్ప తేలిక కాదని నిరూపించారు. నాకంతా అర్థమైంది. సాయంత్రం టిక్కీ కట్టుకుని ఇంటికి వెళ్లాను. టైముకు వస్తున్నాను కనుక ఆయన కూడా ఊరుకున్నారు.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉండేది. క్లాసులో ధైర్యం గురించి పాఠాలు చెప్పి, గంట కొట్టగానే తాలుకాయల దగ్గరికి పరిగెత్తడం ఏం బాగుంటుంది? నేర్చేసుకున్నానని అందరితో అనేదాన్ని. నేర్చుకోలేదని నాకు తెలుసు.

ఒక శనివారం ఒంటిపూట బడి. లెక్కల మేడం ఎక్కాల్సిన ఆటో వెళ్లిపోయింది. ఆవిడ భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. నేరుగా నా బండి దగ్గరికొచ్చి ట్యూబు ముడి విప్పడం మొదలెట్టింది.

"అడ్డరోడ్డు దాకా దింపు. అక్కడ ఆటో దొరుకుద్ది."

"మేడం, ఆ టిక్కీ లేకపోతే..."

"మిరపకాయలకంటే తీసిపోయానా నేను?"

టిక్కీ స్టాఫ్‌రూములోకి వెళ్లింది, ఆయా తాళం వేసింది. మేడం వెనక కూర్చుంది. బండి ఎప్పటికంటే నిబ్బరంగా నడిచింది. అడ్డరోడ్డు దగ్గర ఆవిడ దిగి, ఆటో ఎక్కి, చెయ్యి ఊపి వెళ్లిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. సీటు ఖాళీ.

ఇంటికి వెళ్లాలన్నా ఖాళీ బండే, స్కూలుకు తిరిగి వెళ్లాలన్నా ఖాళీ బండే. ఫోను చేద్దామంటే కళ్లంలో ఉన్నప్పుడు నాన్న ఫోను ఇంట్లోనే ఉంటుంది. కోతల నుంచి వస్తున్న ఆడవాళ్లను ఆపి, "ఎవరైనా వెనక ఎక్కుతారా, మా ఊరి దాకా?" అని బతిమాలాను.

"మా ఊరు ఇటమ్మా! ఊరికే అటొచ్చి ఏం చేస్తాం?" అని నవ్వుకుంటూ పోయారు.

కాసేపు తోసుకుంటూ నడిచాను. ఎండ మాడ్చేస్తోంది. ఎదురుగా ట్రాక్టరు మీద నా క్లాసు పిల్లలు వస్తూ, "గుడాఫ్టర్నూన్ మేడం! బండి చెడిపోయిందా?" అని అరిచారు. లేదురా, నేనే చెడిపోయాను అనలేను కదా. పరువు పోతుందన్న భయంతో ఎక్కాను. ఇంకే ధైర్యమూ కాదు.

బండి అటు ఊగింది, ఇటు ఊగింది. కాళ్లు రెండూ నేలకు రాస్తూనే ఉన్నాయి. దాచేపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీ ఒకటి వెనకాల హారన్ కొట్టింది. నేనూ కొట్టాను. వాడు మళ్లీ కొట్టాడు. నాకు ఒళ్లు మండింది. లారీవాడితో ఆ తగువులో పడి కాళ్లెప్పుడు పైకి పెట్టానో గమనించలేదు. వాడు దాటిపోయాక చూసుకుంటే బండి తిన్నగా పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మా ఊరి మలుపు కూడా తిరిగాను.

కళ్లంలో నాన్న కాయ తిరగేస్తున్నాడు. నన్ను చూసి పని ఆపాడు. ఆయన చూపు నా మీద లేదు, వెనకసీటు మీద ఉంది.

"టిక్కీ ఏదే?"

"స్కూల్లో ఉండిపోయింది నాన్నా. తాళం వేసేశారు."

"తాలుకాయకి కూడా ధర ఉంది ఈ ఏడు. సోమవారం వెళ్లి తీసుకొచ్చెయ్."

టిక్కీ లేకుండా నేను ఎలా వచ్చానో ఆ మనిషికి తట్టనే లేదు. ఒళ్లు మండి అడిగాను.

"టిక్కీ లేకుండా స్కూలుకి ఎట్టా పోను?"

నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నా కాళ్లకేసి, బండికేసి, నేను వచ్చిన దారికేసి చూశాడు. అప్పుడు తట్టినట్టుంది. నవ్వు దాచుకోవడానికి కాయ మీదికి వంగాడు.

"ఇప్పుడు ఎట్టా వచ్చావో అట్టాగే పో."