గోడ, పొర

నిజాంపేటలో మేం పనిచేసే కాలేజీలో కణాన్ని కూడా పంచుకునే చెప్పాలి. మొక్క కణం బాటనీ వాళ్లది, అంటే నాది. జంతు కణం జువాలజీ వాళ్లది, అంటే మా ఆయనది. బ్యాక్టీరియాని ఎటూ తేల్చలేక దాన్నీ బాటనీలోనే పడేశారు. మూడింటినీ పోల్చి చెప్పే క్లాసు మాత్రం ఇద్దరం కలిసి తీసుకునేవాళ్లం.

మొక్కకి గోడ ఉంది, పత్రహరితం ఉంది, నడుమ పెద్ద నీటితిత్తి ఉంది అని నేను గొప్పలు పోయేదాన్ని. జంతు కణానికి అవేవీ లేవు, చుట్టూ పలచటి పొర ఒక్కటే. బ్యాక్టీరియాకి గోడైతే ఉంది కానీ లోపల కేంద్రకం లేదు. దాని డీఎన్ఏ బ్యాచిలర్ల గదిలో బట్టల్లా నడిమధ్యన పడి ఉంటుందంటే హాస్టల్ పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు.

మా ఆయనది నార్సింగి, నాది కాకినాడ వైపు. "గోడలు కట్టుకునుడు మీ దిక్కోళ్లకే వస్తది. బ్యాక్టీరియా గూడ నీ పుట్టింటిదే" అని పిల్లల ముందే ఆటపట్టించేవారు. "పోనీలెండి, మావాళ్లకి జాగ్రత్త ఎక్కువ" అనేదాన్ని.

ఎంట్రన్స్ పరీక్షల ముందు ఆయనకి జ్వరం మొదలైంది. ఇక్కడ జ్వరమొస్తే దవాఖానకి వెళ్లే తీరిక ఎవరికుంది? మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ ఇచ్చేస్తారు. ఒళ్లు చల్లబడగానే మానేసి పనిలో పడతాం. మందుకి బ్యాక్టీరియా ఎలా మొండికేస్తుందో ఆ వారమే నాతో కలిసి పాఠం చెప్పిన మనిషి, మిగిలిన మాత్రలు సొరుగులో పడేసి క్లాసుకి వెళ్లారు. జ్వరం మళ్లీ వచ్చింది, మళ్లీ అదే పని. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆయన మీద, సెలవివ్వని కాలేజీ మీద, అడగ్గానే ఇచ్చే షాపు మీద.

చివరికి కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాక ఉన్న ఆసుపత్రిలో ఐసీయూలో చేర్చాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. ఒక సాయంత్రం డాక్టర్ నన్ను బయటికి పిలిచారు.

"మేడమ్, గోడని కొట్టే మందులన్నీ వాడి చూశాం. ఒక్కటీ పట్టడం లేదు. ఇంకొకటుంది, అది బ్యాక్టీరియా పొరని చీలుస్తుంది. కిడ్నీలకి రిస్క్. స్టార్ట్ చేద్దామా?"

పక్కనే మా వదిన, అంటే ఆయన అక్క, ఉంది. "ఏమన్నడు డాక్టరు? మంచి మందేనట?" అని నా భుజం పట్టుకుంది. ఆమెకి ఏం చెప్పను? గోడ బ్యాక్టీరియాకి ఉంది, మనిషికి లేదు. అందుకే గోడని కొట్టే మందు మనిషి కణాన్ని వదిలేస్తుంది. పొర అలా కాదు, మొక్కకీ జంతువుకీ బ్యాక్టీరియాకీ కూడా ఉంది. ఏళ్ల తరబడి పిల్లల చేత పోలికల పట్టికలో పొర వరుసలో ఉంది, ఉంది, ఉంది అని రాయించి, తేలిక ప్రశ్నేలే అని దాటేశాను. వదిన చెయ్యి మెల్లగా తీసి డాక్టర్ వైపు తిరిగాను. చేద్దామన్నాను.

లోపలికి వెళ్తే ఆయన మెలకువగానే ఉన్నారు.

"కొత్త మందు ఏందట? దేన్ని కొడ్తది?"

"గోడనేనండి."

"అయితే మనకు ఫికర్ లేదు" అని కళ్లు మూసుకున్నారు. నమ్మారనే అనుకున్నాను. మంచం పక్కన కూర్చున్నాను.

వారం తిరక్కుండానే మూత్రం ఆగిపోయింది. డయాలసిస్ మిషన్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఆయన దాని వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. ఇన్నేళ్లు జువాలజీ చెప్పిన మనిషికి, ఆ మందు కొట్టింది గోడనో పొరనో తెలియకుండా ఉంటుందా? వేళ్లతో నా చెయ్యి నిమిరారు. పోయేదాకా మళ్లీ ఆ మందు మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.