జేబులో చెయ్యి

నాడీన్ స్టర్గిల్ ఇళ్ళు చూపించే మనిషి. లారెల్ ఫోర్క్ అనే కొండ ఊరి చుట్టుపక్కల ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ముందు ఆమెకే ఫోన్ చేస్తారు. ఏ ఇంటి కింది గదిలో వానలకు నీళ్ళు ఊరతాయో, ఎవరు కొత్త రంగు వేసి పాత చెద దాచారో ఆమెకు తెలుసు. తెలిసిందంతా చెబుతుందని కాదు, ఆమె కూడా బతకాలి కదా. ముక్కూమొహం తెలియని వాళ్ళను వెంటబెట్టుకుని ఖాళీ ఇళ్ళలోకి వెళ్ళడం, నవ్వుతూ తలుపులు తీయడం, నవ్వుతూ బయటికి రావడం ఆమె పని. వచ్చినవాళ్ళు ఆ నవ్వు చూస్తారు. కుడిచెయ్యి ఎక్కడుందని ఎవరూ అడగరు. అది కోటు జేబులో ఉంటుంది.

ఆ జేబులో తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న రివాల్వర్ ఉండేది. అయిదు తూటాలది, గుప్పిట్లో ఇమిడిపోయేది. అది ఆ జేబులోకి రావడానికి కారణం మార్లా.

మార్లా, నాడీన్ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు. ఒకళ్ళ టిఫిన్ డబ్బాలో ఇంకొకళ్ళు చెయ్యి పెట్టేంత చనువు. ఒక మంగళవారం మధ్యాహ్నం, కీనర్ రోడ్డులో ఇల్లు చూస్తానని ఫోన్ చేసిన మనిషితో మార్లా వెళ్ళింది. వెనక పడగ్గదిలో వాడు ఆమెను చంపేశాడు. వాడు దొరికాడు, ప్రాణం ఉన్నంతకాలం జైల్లోనే ఉంటాడు. కానీ ఊరు వాణ్ణి గురించి మాట్లాడుకోలేదు. మార్లాకు పిస్టల్ ఉండేది. పిస్టల్ హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగు కారులో. ఊళ్ళో ఏ ఇద్దరు కలిసినా ఈ మాటే అనుకున్నారు. అంత్యక్రియల భోజనాల దగ్గర పళ్ళేలు పట్టుకుని నిలబడి కూడా ఇదే అనుకున్నారు. మార్లా మొగుడు గార్లండ్ ఒక మూల కూర్చుని అదంతా విన్నాడు.

ఆ తర్వాత నాడీన్ మొగుడు వెండెల్ ఆమెను తన చిన్నాన్న కొడుకు ఆర్విల్ నడిపే తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళాడు. ఆర్విల్ ఆలోచించకుండా ఆ చిన్న రివాల్వర్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"దీనికి వెనక పొడుచుకొచ్చే మీట లేదు వదినా, గుడ్డకు చిక్కుకోదు. అసలు బయటికి తియ్యక్కర్లేదు. జేబులోంచే కాల్చొచ్చు. కోటు పోతే పోతుంది, అన్నయ్య ఇంకోటి కొనిపెడతాడు."

"అన్నయ్య కొనిపెట్టిన కోటు నేనెప్పుడూ చూళ్ళేదు," అంది నాడీన్.

"ఇంకో సంగతి. దీని ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా వస్తుంది. సగం లాగాక కూడా మనసు మార్చుకోవచ్చు. వేలు ఆపేస్తే చాలు."

ఈ రెండో సంగతికే ఆమె దాన్ని కొంది. ఆగడానికి చోటున్న వస్తువు అని ఆమెకు నచ్చింది.

అప్పట్నుంచి ప్రతి ఇంట్లోనూ అదే వరస. "ముందు మీరు నడవండి," అని నవ్వుతుంది. మగవాళ్ళు అది మర్యాద అనుకుంటారు. ఆమె వెనకే నడుస్తుంది, వేలు ట్రిగ్గర్ మీద ఆనించి, వంటగది అలమారాల గురించి చెబుతూ. వేలు అలా ట్రిగ్గర్ మీద పెట్టుకుని తిరగకూడదని ఆర్విల్ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఆమె ఊఁ అంది, మానలేదు. ఏ పడగ్గదిలో అడుగుపెట్టినా ఒక్క క్షణం అది కీనర్ రోడ్డు పడగ్గది అయిపోయేది. మార్లా చివరికి ఎటు తిరిగి ఉంటుందా అని చూసేది. తర్వాత కిటికీలోంచి కొండ ఎంత బాగా కనిపిస్తుందో చెప్పేది.

నిరుటినుంచి ఆమె కుడిచేతి బొటనవేలి కీళ్ళు పట్టేశాయి. చూపుడువేలు కూడా దాని దారే పట్టింది. వెండెల్ ఆమెను పొలంలోకి తీసుకెళ్ళి పాత డబ్బాల మీద కాల్చమన్నాడు. రెండుసార్లు వేలు మధ్యలోనే ఆగిపోయింది, ట్రిగ్గర్ చివరిదాకా రాలేదు. శనివారం పొద్దున్నే వెండెల్ ఆమెను ఆర్విల్ దుకాణంలో తేల్చాడు.

జింకల వేట మొదలయ్యే వారం. దుకాణంలో పొయ్యి చుట్టూ కాఫీ కప్పులతో జనం, జనానికి తగ్గట్టు అభిప్రాయాలు. ఆడదానికి ఏ తుపాకీ సరిపోతుందో చెప్పమంటే ఆ ఊళ్ళో పళ్ళూడిన ముసలాడు కూడా లేచి నిలబడతాడు.

ఆర్విల్ ఒక పొట్టి పిస్టల్ తీశాడు. "ఇది పట్టుకో వదినా. పది తూటాలు. ట్రిగ్గర్ వెన్నలా వస్తుంది."

తూటా ఎక్కించడానికి ఆమె పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగబోయింది. కదల్లేదు. పొయ్యి దగ్గర ఎవరో దగ్గారు.

"లాగకు. పైభాగం మీది చెయ్యి కదలకుండా పట్టుకుని రెండో చేత్తో తుపాకీని ముందుకు తొయ్యి. అన్నయ్యను మంచం మీంచి తోసినట్టు."

తోసింది. వచ్చింది. అందరూ నవ్వారు, వెండెల్ కూడా.

"ఇదీ జేబులోనే పెట్టుకోవచ్చా?" అని అడిగింది.

"వద్దు. జేబులో కాలిస్తే పైభాగం గుడ్డకు పట్టేసి ఒక్క తూటాతో ఆగిపోతుంది. దీన్ని నడుం దగ్గర తోలు ఒరలో పెట్టుకోవాలి. చొక్కా ఎత్తాలి, తియ్యాలి. అలవాటయ్యేదాకా ఇంట్లో రోజూ చెయ్యి."

"ఆలస్యం కదా అది."

"మొదట్లో. కాలని రివాల్వర్ కంటే నయం కదా వదినా."

పిస్టల్ కొన్నారు. రివాల్వర్‌ను ఆర్విల్ దగ్గరే అమ్మకానికి పెట్టారు. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి చొక్కా ఎత్తి తీయడం సాధన చేసింది. తనను చూసి తనకే నవ్వొచ్చింది. రెండు రోజులు చేసి, మూడో రోజు వంట పనిలో పడి మరిచిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కీనర్ రోడ్డు ఇల్లు ఆమె చేతికొచ్చింది. మార్లా పోయాక ఆ ఇంటిని ఎవరూ కొనలేదు. ఆఫీసులో మిగతావాళ్ళు ఆ ఇంటి పేరెత్తితే కాయితాలు సర్దుకునేవాళ్ళు. ఒహాయో రాష్ట్రం నుంచి ఒక జంట, కథ తెలియనివాళ్ళు, చూస్తామన్నారు. ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని నాడీన్ ఒప్పుకుంది. అసలు సంగతి వేరు. మార్లా వెళ్ళిన గదిలోకి తను వెళ్ళకుండా తొమ్మిదేళ్ళుగా మిగతా గదులన్నీ తిరిగింది. ఒక్కసారి వెళ్తే అది వదులుతుందేమోనని ఆశ.

మధ్యాహ్నం ఆ జంటకంటే ముందే చేరింది. ఇల్లు వెచ్చబెట్టాలి, తెరలు తీయాలి. ముందు తలుపుకు వేలాడే చిన్న పెట్టెలోంచి ఆ ఇంటి తాళంచెవి తీసి, తలుపు తెరిచి, దాన్ని కోటు జేబులో వేసుకుంది. హాల్లో చల్లగా, మూసిన ఇంటి వాసన. వంటగది దాటి నడవాలోకి వచ్చింది. చివర ఆ పడగ్గది తలుపు సగం తెరిచి ఉంది.

లోపల చెక్కనేల చప్పుడైంది.

ఆమె నిలబడిపోయింది. తలుపు తెరుచుకుంది. కిటికీ వెలుగు వెనకనుంచి పడుతుంటే గుమ్మంలో ఒక మగమనిషి ఆకారం, చేతిలో నల్లగా ఏదో.

నాడీన్ చెయ్యి జేబులోకి పోయింది. నడుం దగ్గరికి పోలేదు. వేలు వంగింది, ఎప్పటిలాగే ఆనింది, లాగింది. సగంలో ఆగలేదు. చివరిదాకా లాగింది.

ఏమీ కాలేదు. ఆమె గుప్పిట్లో తాళంచెవి ఉంది.

"నాడీన్? నువ్వా?" అన్నాడు ఆ మనిషి.

గార్లండ్. చేతిలో ఉన్నది అతని టోపీ. పెళ్ళాం చనిపోయిన గదిలో టోపీ పెట్టుకుని నిలబడలేక తీసి పట్టుకున్నాడు.

"భయపెట్టానా? వెనక తలుపు గడియ ఎప్పుడూ సరిగ్గా పడదు. ఇల్లు అమ్ముడవుతుందని విన్నాను. మళ్ళీ రానివ్వరు కదా అని ఒకసారి..." అని ఆగాడు. "కారు చూసి బయటికి వచ్చేద్దామనుకున్నాను. కాళ్ళు కదల్లేదు."

"పర్లేదు గార్లండ్," అంది. చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. వేలు ఇంకా వంగే ఉంది, విప్పుదామంటే విప్పుకోలేదు.

అతను ఆ జేబు వంక చూశాడు. మొహం మెత్తబడింది.

"జేబులో పెట్టుకున్నావు కదూ? మంచి పని చేశావు. మా మార్లా కూడా అలా పెట్టుకుని ఉంటే..." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను దానికి ఎన్నిసార్లు చెప్పానో. బ్యాగులో పెడితే ఎందుకు పనికొస్తుందే అని. నువ్వు మాత్రం చెయ్యి తియ్యకు నాడీన్. ఎవరేమన్నా తియ్యకు. నువ్వట్లా తిరుగుతున్నావని తలుచుకుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది."

ఆమె చెప్పబోయింది. 'గార్లండ్, నేనిప్పుడే నిన్ను కాల్చేశాను' అన్న మాట నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేసింది. ఆ ఒక్క ధైర్యం కూడా లాక్కోవడం ఆమె వల్ల కాలేదు.

అతను టోపీ పెట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఒహాయో జంట వచ్చారు. వాళ్ళకు వంటగది అలమారాలు చూపించింది. పడగ్గదిలోంచి కొండ కనిపిస్తుందని చెప్పింది. ఆమె కళ్ళకు ఆ గదిలో ఇప్పుడు మార్లా ఒక్కతే లేదు. గుమ్మానికి అడ్డంగా గార్లండ్ కూడా పడి ఉన్నాడు, పక్కన టోపీ. నాడీన్ అతణ్ణి దాటుకుని వెళ్ళి కిటికీ తెర సర్దింది. ఆ అడుగు కొంచెం పెద్దగా వేసిందని ఎవరూ గమనించలేదు.

ఇంటికొచ్చి చూసుకుంటే తాళంచెవి దిగిన చోట వేలు నల్లబడి ఉంది. వెండెల్ అడిగితే తలుపు సందులో పడిందని చెప్పింది.

రాత్రంతా ఆమె పట్టుకు వేలాడింది ఒకే ఒక్క ఆశను. పొలంలో వేలు మధ్యలో ఆగిపోయింది కదా. జేబులో నిజంగా రివాల్వర్ ఉన్నా ఆగిపోయి ఉండేదేమో. కీళ్ళనొప్పి గార్లండ్‌ను కాపాడి ఉండేదేమో. తెల్లారి ఆర్విల్ దుకాణం తీయకముందే గుమ్మంలో నిలబడింది.

"ఏంటొదినా, పిస్టల్ అప్పుడే మొహం మొత్తిందా?"

"నా పాతది ఇంకా ఉందా?"

"ఉంది. ఎవరో బాప్టిస్టు పాస్టరు గారి భార్య అడిగి వెళ్ళింది. ఎందుకూ?"

"ఒకసారి ఇయ్యి. ఖాళీ చేసి ఇయ్యి."

ఆర్విల్ తూటాల చక్రం గిర్రున తిప్పి అయిదు గళ్ళూ ఖాళీ అని తను చూసి, ఆమెకూ చూపించి ఇచ్చాడు. ఆమె దాన్ని కోటు జేబులో వేసుకుంది. తుపాకులు పరీక్షించడానికి ఇసుక సంచీ పెట్టిన గోడవైపు తిరిగింది. కళ్ళు మూసుకుని మనసులో మళ్ళీ ఆ నడవాలో నిలబడింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆకారం.

టక్కుమంది. మొదటిసారికే, ఎక్కడా ఆగకుండా, నొప్పి తెలియకుండా.

ఇంకోసారి చేసింది. టక్కుమంది.

ఆర్విల్ నవ్వడం మానేశాడు. "నిన్న ఏమన్నా జరిగిందా వదినా?"

"ఒక చప్పుడైతే చెయ్యి జేబులోకి పోయింది. అక్కడేమీ లేదు."

"అదీ సంగతి," అని అతను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అందరికీ అయ్యేదే. చోటు మార్చినప్పుడు చెయ్యి పాత చోటుకే పోతుంది. అందుకే చచ్చేలా సాధన చెయ్యాలనేది. ఆ రెండు క్షణాలు ప్రాణం తీస్తాయి. వేలు బాగానే లాగుతోంది కదా, కావాలంటే పాతదే తీసుకుపో. అన్నయ్యతో నేను మాట్లాడతా."

నాడీన్ రివాల్వర్ గాజుబల్ల మీద పెట్టింది. పెట్టాక చెయ్యి కోటుకు తుడుచుకుంది.

"వద్దు. పిస్టలే ఉంచుకుంటాను."

"ఎందుకు మరి?"

"ఆలస్యం కనక," అందామనుకుంది. తుపాకులమ్మే మనిషికి అది అర్థం కాదు. "తూటాలు ఎక్కువ కదా," అంది. ఆర్విల్ మెచ్చుకోలుగా తలూపాడు.

ఆమె సాధన చేయలేదు. వెండెల్ అడిగినప్పుడల్లా చేశానని చెప్పింది. పిస్టల్ నడుం దగ్గర, చొక్కా కింద, కోటు గుండీల వెనక ఉంటుంది. వెతికి తీసేలోపు ఎదుటి మనిషి ఎవరో, చేతిలో ఏముందో చూసే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో తనే పోవచ్చునని ఆమెకు తెలుసు. మార్లాకు ఏం జరిగిందో తెలిసిన మనిషి, ఆమెకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. భయం పోలేదు. ఇదివరకు ఖాళీ ఇళ్ళలో వేరేవాళ్ళంటే భయపడేది. ఇప్పుడు వాళ్ళతోపాటు తనన్నా భయమే.

ఒహాయో జంట ఆ ఇల్లు కొనుక్కున్నారు. ఆ గదిని పిల్ల గది చేసి పసుపురంగు వేయించారట.

గార్లండ్ ఆదివారాలు చర్చి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళందరికీ చెయ్యి కలుపుతాడు. ఆ రోజునుంచి నాడీన్‌ను చూడగానే అతని మొహం వికసిస్తుంది, చెయ్యి ముందుకొస్తుంది. ఆమె ఎడమచెయ్యి ఇస్తుంది. కీళ్ళనొప్పి తగ్గలేదా అని అతను జాలిగా అడుగుతాడు. తగ్గలేదంటుంది. అతను ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, నొప్పి కలగకుండా, మెల్లిగా నొక్కి వదులుతాడు.