ఆదివారం ఆరిపోయిన గ్యాస్ స్క్రీన్

కరోనాకు ముందు ఏడాది జూన్‌లో, టేకులపల్లి అడవి అంచున ఉన్న ఒక భూగర్భ గనికి నన్ను సిస్టమ్స్ ఇంజినీరుగా వేశారు. కార్మికుల మాటలో అది బాయి.

పై ఆఫీసులో ఒక పెద్ద సర్వరు ఉండేది. దాని లోపలే సాఫ్ట్‌వేరుతో ఎన్నో కంప్యూటర్లు నడుస్తాయి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. ఒక్కొక్కటిగా చూసుకోలేం కనుక గ్రూపులు కడతాం. గ్రూపును ఆపితే అందులోనివన్నీ ఆగుతాయి, లేపితే వరుసగా లేస్తాయి. మావాళ్లు ఆ వరుసను హోదా చూసి పెట్టారు! జనరల్ మేనేజరు మెయిల్ ముందు, హాజరు తర్వాత, బాయిలో మీథేన్, అంటే పేలే గ్యాస్, ఎంతుందో చూపే మెషీను చిట్టచివర. అది వెంటిలేషన్ ఆఫీసరుది, ఆయనది చిన్న హోదా. ఇదేం పద్ధతని రాసి అడిగాను. జవాబు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పై ఆఫీసువాళ్లు రిపేరు కోసం గ్రూపు మొత్తం ఆపేశారు. సెలవునాడు బాయిలో ఎవరుంటారులే అనుకున్నారు. ఆదివారం బొగ్గు తీయరు గానీ, వానాకాలం నీళ్లు తోడక తప్పదు. షిఫ్టు బాధ్యత చూసే ఓవర్‌మన్ ప్రభుదాసు ఫోన్ చేశాడు.

"సారూ, గ్యాస్ స్క్రీన్ పోయింది. మా తమ్ముడు ఏసుదాసు కింద పంపుకాడ ఉన్నడు. ఎప్పుడొస్తది?"

గ్యాస్ మెషీను ఒక్కదాన్ని ముందు లేపమని పై ఆఫీసును బతిమాలాను. వరుస మార్చాలంటే పెద్దసారు, అంటే జనరల్ మేనేజరు, అనుమతి కావాలన్నారు. పెద్దసారు ఖమ్మంలో పెళ్లి భోజనంలో ఉన్నారు, ఫోనెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడొస్తుందో చెప్పలేనని ప్రభుదాసుకు చెప్పాను.

రీడింగు లేకపోతే లోపలికి కరెంటు ఆపి మనుషులను బయటికి రప్పించాలి. కరెంటు ఆగితే పంపు ఆగుతుంది. పంపు మునిగితే ఆ సెక్షనే పోతుంది, దాంతో అన్నదమ్ములిద్దరికీ అక్కడ పని ఉండదు. ప్రభుదాసు వెంటనే కరెంటు ఆపించాడు. ఏసుదాసు టోపీ లైటు వెలుతురులో ఏటవాలు దారి ఎక్కి వచ్చాడు.

సాయంత్రానికి స్క్రీన్ వచ్చింది. లోపలి సెన్సర్లు దాచిపెట్టిన రీడింగులన్నీ దాని మీదికి వచ్చాయి. గ్యాస్ అసలు పెరగనే లేదు.

"జల్దీ వస్తే పంపు దక్కేది గద సారూ" అన్నాడు ఏసుదాసు.

మునిగిన సెక్షన్‌ను మూసేశారు. ఇద్దరినీ సత్తుపల్లిలో నేలపైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనికి బదిలీ చేశారు.

బాయి దగ్గర టోపీ లైట్లు ఇచ్చే ల్యాంపు రూముకు ఒక కట్టుబాటు ఉంది. దిగేటప్పుడు ఒక్కొక్కరు తీసుకెళ్లిన నంబరు టోకెన్లన్నీ తిరిగి వచ్చేదాకా ఆ గదికి తాళం వేయరు. రిటైరయ్యేదాకా కొత్త ఇంజినీర్లకు నేను చెప్పింది ఇదే: మెషీను ఎవరిదని చూడకండి, గ్రూపు ఆపేముందు బాయి లోపల ఎవరున్నారో అడగండి.