సాంచాల షెడ్డులో నా రక్తం

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లున్నారు, అమ్మాయి పేరు మరిచిపోయినవాళ్లూ ఉన్నారు. నా రక్తనాళాలు రాలిపోతున్నాయని అమ్మాయి ఎదుటే ప్రకటించి కొంప ముంచుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, ముందుముందు తీరిక దొరకదు.

అప్పుడు జగిత్యాలలో ఒక ల్యాబులో కొత్తగా చేరాను. షుగర్ చాలాకాలం ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. పాత గోడకు సున్నం పెచ్చులు రాలినట్టు, ఆ పొర కణాల నుంచి కంటికి కనిపించని ముక్కలు ఊడి రక్తంలో కలుస్తాయి. అవి ఎంత ఎక్కువుంటే నాళాలకు అంత దెబ్బ తగిలినట్టు. వాటిని లెక్కపెట్టడమే మా పని. షుగర్ ఉన్నవాళ్ల రక్తంతో పోల్చడానికి లేనివాళ్లదీ కావాలి. ఉన్నవాడు సిరిసిల్లలోని మా మేనమామ రాజేశం. లేనివాణ్ని, గర్వంగా చెప్పుకునేవాణ్ని, నేను.

మామకు సాంచాలున్నాయి, అంటే మరమగ్గాలు. ఇంటికి ఆనుకునే షెడ్డు. ఇద్దరి రక్తమూ చెరొక ట్యూబులోకి తీశాక, అన్నం తినందే కదలొద్దంది అత్త. మామ రక్తాన్ని ఎక్కడ పెట్టినా ఆమె మనసొప్పలేదు. చివరికి తానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా ట్యూబు సంగతి ఎవరికీ పట్టలేదు. షెడ్డులో ఫ్యాను కింద చల్లగా ఉంటుందని సాంచా పక్కనున్న రేకు అరలో పెట్టి, నేను మటన్ కూర మీద పడ్డాను. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవొద్దంటారు. తల పెట్టినవాడికైనా పోటు తెలుస్తుంది, నేను పెట్టింది రక్తం.

మర్నాడు లెక్క చూస్తే మామ ముక్కలు ఒక మోస్తరుగా ఉన్నాయి. నావి కుప్పలు తెప్పలు. ఆ క్షణం నుంచి నేను మెట్లు కూడా గోడ పట్టుకుని ఎక్కాను. ఫోనులో మామ నన్ను ఓదార్చాడు.

"రంది పెట్టుకోకు అల్లుడా. షుగరేమో నాది, రోగమేమో నీదాయె. నా గోలీలు చెరిసగం మింగుదాం."

ఆ వారంలోనే కోరుట్లలో పెళ్లిచూపులు. అమ్మ చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన సంబంధం. అమ్మాయి స్రవంతి, బడిలో టీచరు. తొలిచూపులోనే నచ్చింది, అందుకే మోసం చేయకూడదనుకున్నాను. మీరేం పని చేస్తారని ఆమె అడగ్గానే నా నిజాయితీ కట్టలు తెంచుకుంది.

"దాచుడు నాకు రాదండి. నాకు షుగర్ లేదు గని, నా రక్తనాళాలు లోపల రాలిపోతున్నయి. ఎన్నొద్దులుంటనో తెల్వది."

వాళ్ల నాన్న నాకందించబోయిన బూందీ ప్లేటును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు ల్యాబులో నా లెక్క చూసి మా మేడం అడిగింది ఒకటే మాట, ట్యూబు ఎక్కడ పెట్టావని. చెప్పాను. ఆమె తల పట్టుకుంది. సాంచాల కుదుపుకు ట్యూబులోని రక్తకణాలే పగిలి ముక్కలయ్యాయట. ఏ ముక్క ఎక్కడిదో వేరుచేసి చూడకుండా, అన్నీ నాళాల గోడవేనని నేను లెక్కేశానట.

"గది నీ నాళాల లెక్క కాదయ్యా, సాంచాల లెక్క" అంది.

బతికినందుకు సంతోషం, సంబంధం పోయినందుకు ఏడుపు ఒకేసారి వచ్చాయి. అమ్మను బతిమాలి నంబరు తీసుకుని స్రవంతికి ఫోన్ చేశాను. అంతా విని చాలాసేపు నవ్వింది.

"మీ అత్త ఒళ్లె పెట్టుకున్నది మంచిగుంది, మీరు షెడ్డుల వదిలింది ఖరాబయింది. మీకు పట్టుకునేటోళ్లు ఒకలు కావాలె. మా నాయినకు నేను చెప్త."

చెప్పింది. పెళ్లయింది. ఇప్పుడు నేను రక్తపరీక్షకు పోతే ట్యూబు ఆమె చేతిలోనే ఉంటుంది. అందుకే సిరిసిల్ల సాంచాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా రక్తాన్ని ఎక్కడా ఒంటరిగా వదలను, పెళ్లిచూపుల్లో నా నాళాల ఊసెత్తను.

ఇది చదివి స్రవంతి మొదటి ప్రమాణం ఒప్పుకుంది. రెండోదాని దగ్గర ఆగింది.

"ఇంకో పెండ్లిచూపులకు మిమ్ముల ఎవలు పోనిస్తున్నరు?"