పాట అందించిన పిల్ల

మొన్న రాజోలు సెంటర్లో ఫోను అద్దం మార్పించుకుందామని ఒక కొట్టుకి వెళితే, అరగంట పడుతుందని స్టూలు వేసి కూర్చోబెట్టారు. గోడ మీద టీవీలో పాటల పోటీ వస్తోంది. పదేళ్ళు కూడా నిండని ఒక పాప, ఎక్కడా తడబాటన్నది లేకుండా, పెద్ద పెద్ద సంగతులు వేసి పాడేస్తోంది. పాట అయ్యేసరికి జడ్జిలు లేచి నిలబడ్డారు, పైనుంచి రంగు కాగితాలు రాలాయి. ఫోను సిద్ధమైందని కొట్టతను రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదట. నా కళ్ళ ముందు మా అన్నయ్య కూతురు పద్నాలుగేళ్ళ వయసులో, అరువు తెచ్చిన పట్టు పరికిణీలో, అలాంటి వేదిక మీదే నిలబడి ఉంది.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎస్సెమ్మెస్‌లు పంపి గాయకుల్ని గెలిపించే రోజులవి. ఆ కార్యక్రమం వచ్చే సాయంత్రం పొయ్యి మీద కూర మాడుతున్నా లేచేవాళ్ళు ఉండేవారు కాదు. ఆ పోటీ ఒక సీజన్‌కి రాజమండ్రిలో సెలక్షన్లు పెడితే మా పిల్ల నెగ్గింది. హైదరాబాదు తీసుకెళ్ళడానికి బస్సు కండక్టరైన అన్నయ్యకి సెలవు దొరకలేదు, వదినకి ఆ ఊరంటేనే బెదురు. హైస్కూల్లో తెలుగు చెప్పుకునే నేనే తోడు బయలుదేరాను.

పిల్లకి సంగీతం గురువంటూ ఎవరూ లేరు. అది పాడటం నేర్చుకున్నదల్లా మా పేటలోని గుడిలోనే. మేము చర్చిని గుడి అనే అంటాం. మా అమ్మకీ, ఆవిడ ఈడు ఆడవాళ్ళకీ చదువు రాదు. కూలికి వెళ్ళి పెరిగినవాళ్ళు, బడి గుమ్మం ఎక్కలేదు. అందుకని ఆదివారం ఆరాధనలో చదువొచ్చిన ఒకరు కీర్తనల పుస్తకం పట్టుకుని ఒక చరణం, అంటే ఒక్క పాదం, పాడి ఆగితే, తక్కినవాళ్ళు దాన్ని అందుకుని పాడేవారు. దీన్ని పాట అందించడం అనేవాళ్ళం. ఏడేళ్ళప్పటినుంచీ ఆ పని మా పిల్లదే. చాప మీద ముందు వరసలో కూర్చున్న మామ్మల ఎదుట నిలబడి, చరణం ఎత్తుకుని, ఆగి, వాళ్ళది పూర్తయ్యాక తరవాతది ఎత్తుకునేది.

హైదరాబాదులో మొదటి రౌండుకి దానికొక పాత సినిమా పాట ఇచ్చారు. మొదటి రెండు చరణాలు వాద్యాలు లేకుండా ఎత్తుకోవాలి, మూడో దానికి ఆర్కెస్ట్రా కలుస్తుంది. రిహార్సల్లో బాగానే పాడింది. అసలు షూటింగులో లైట్లు వెలిగి, ఎదురుగా అంతమంది జనం కనపడేసరికి, మొదటి చరణం పాడి ఆగిపోయింది. ఆర్కెస్ట్రావాళ్ళు దానికేసి చూస్తున్నారు, అది జనంకేసి చూస్తోంది. తేరుకుని తక్కిన పాట చక్కగానే ముగించింది గానీ, జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మాటలు మరిచిపోయావా అమ్మా అని పెద్ద జడ్జిగారు మర్యాదగానే అడిగారు.

“లేదండీ. అందుకుంటారనుకున్నానండి.”

ఎవరు అందుకుంటారన్నారాయన. అది తల దించుకుంది. అక్కడున్న అందరిలోకీ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గార్డియన్ల వరసలో కూర్చున్నాను, లేచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ చెప్పాలంటే మా అమ్మకి చదువు రాదన్న మాట ఆ లైట్ల కింద, ఆ కెమెరాల ముందు చెప్పాలి. టీచరమ్మని కదా, నామోషీ వేసింది. కుర్చీలోంచి లేవలేదు. మార్కులు తెగ్గోసి, ఇంకొకసారి ఇలా జరిగితే ఇంటికే అని చెప్పి పంపారు.

రెండు వారాలకి ఆ భాగం టీవీలో వచ్చింది. అప్పటికి మేము ఇంటి దగ్గరే ఉన్నాం. మామ్మలందరూ మా వసారా నిండా కూర్చున్నారు. పిల్ల సిగ్గుతో తలుపు వెనక నక్కింది. అది ఆగిన చోట టీవీవాళ్ళు గుండెలదిరే చప్పుడొకటి చేర్చి మరీ సాగదీశారు. అప్పుడు, నేను అబద్ధం చెప్పను, సినిమా పాట నోట పలకడం పాపమనుకునే మా అమ్మ, ఆవిడతోపాటు వసారాలో ఉన్న ప్రతి ముసలమ్మా, ఎవరూ సైగ చెయ్యకుండా, ఆ చరణాన్ని ఒక్క గొంతుతో అందుకున్నారు. ఒక్క అక్షరం పోలేదు. అంత పెద్ద హాల్లో తప్పుగా కనపడిన ఆ ఆగడం వీళ్ళకి పిలుపులా వినపడింది. పిల్ల తలుపు వెనకనుంచి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అయినా పోటీ పోటీయే. ఒక్క తప్పుకి ఇంటికొచ్చేస్తే అన్నయ్య మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మర్నాటినుంచి వెనక గదిలో తలుపేసి దానికి ఆగడం మాన్పించే పని పెట్టుకున్నాను. ఆగిందంటే బల్ల మీద స్కేలుతో ఒకటి కొట్టేదాన్ని. వారం తిరిగేసరికి ఆ అలవాటు వదిలిపోయింది. రెండో రౌండులో అది పాడుతుంటే, కాలవకి లాకులెత్తినట్టు పాట సాగిపోయింది. జడ్జిలు లేచి నిలబడ్డారు. నేను ఎరిగిన పిల్లేనా ఇది అనిపించింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మాది రచ్చ గెలిచొచ్చి ఇంట ఓడింది. ఆ ఆదివారం గుడిలో కీర్తన ఎత్తుకుని, నేను నేర్పినట్టే ఎక్కడా ఆగకుండా పాడుకుంటూ పోయింది. కుర్రకారు మురిసిపోయారు, పాస్టరుగారు కూడా తలాడించారు. ముందు వరసలో మామ్మలు మొదటి చరణం అందుకుని ముగించేలోపు అది మూడోదానిలో ఉంది. ఒక్కొక్కరే మానేశారు. మా అమ్మ చిట్టచివరిదాకా ప్రయత్నించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఇంటికొచ్చాక పిల్ల తల నిమిరి, కోపమేమీ లేకుండా అంది: “బాగా పాడేవే తల్లీ. మాకే అందలేదు.”

నేను ఆ పూట అన్నం ముందు కూర్చోలేకపోయాను. తప్పు పిల్లది కాదు కదా.

పిల్ల మాత్రం ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. పై ఆదివారం గుడిలో కుర్రకారుకేసి కాకుండా మామ్మలకేసి తిరిగి నిలబడింది. చరణం పాడి, కళ్ళు మా అమ్మ పెదవుల మీద పెట్టింది. ఆ పెదవులు కలిశాకే తరవాతి చరణం. కీర్తన పూర్తవడానికి రెట్టింపు సేపు పట్టింది, ఎవరూ కదల్లేదు. మళ్ళీ నాలుగు రోజులకి హైదరాబాదులో మూడో రౌండు. అక్కడ ఒక్క క్షణం కూడా ఆగకుండా పాడింది. రెండూ ఎలా కుదిరాయే అని రైల్లో అడిగాను.

“అక్కడెవరూ నాకోసం చూడరత్తా. మన గుళ్ళో మామ్మావాళ్ళు చూస్తారు కదా.”

ఆయ్, అంతే అంది, కిటికీలోంచి చూస్తూ జామకాయ కొరుక్కుంది. ఇంకో రెండు రౌండ్లు పాడి, ఎస్సెమ్మెస్‌లు చాలక ఇంటికొచ్చేసింది. దానికి పెద్ద బాధేమీ లేదు. ఇప్పుడు కాకినాడలో నర్సు. కప్పులు, షీల్డులు ఎన్నో చూశాను గానీ, పద్నాలుగేళ్ళ పిల్లకి అంత వివేకం ఎక్కడిదన్న ఆశ్చర్యం నాకు ఈ రోజుకీ తీరలేదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. వెనక బెంచీవాళ్ళ పెదవులకేసి చూసి ఎన్నిసార్లు ఆగానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా అమ్మ లేదు, ఆ ముందు వరస మామ్మల్లో ఇప్పుడెవరూ లేరు. గుడికి పాలరాయి వేశారు, కుర్చీలొచ్చాయి, మైకులొచ్చాయి. పాట మాటలు తెర మీద పడతాయి, అందరికీ చదువొచ్చు కనక ఎవరూ ఎవరికీ అందించక్కర్లేదు. అంతా టైముకి అయిపోతుంది, మంచిదే. పోయిన ఆదివారం కొత్త కీర్తన వేశారు. నా కళ్ళకి శుక్లాలు ముదిరాయి, తెర మీద తెల్లటి గీతలు తప్ప ఏమీ ఆనలేదు. పక్కనున్న అమ్మాయిని అడుగుదామనుకున్నాను. చదువుకున్న టీచరమ్మని, నామోషీ వేసింది. కీర్తన అయ్యేదాకా ఊరికే నిలబడ్డాను, ఎవరూ నాకేసి చూడలేదు.